చిడత మోగకముందే చప్పుడెందుకు?

మీ ప్రశ్న – మా జవాబు

ఈసారి ప్రశ్నలన్నీ పాటల ఫైళ్ల గురించే. ఒకే సంగతిని ఇద్దరు ముగ్గురు అడిగినచోట కలిపి ఒకటిగా వేశాం. ఎంపీ3 అన్నచోటల్లా లేమ్ అనే ఉచిత ఎన్‌కోడర్‌ని (శబ్దాన్ని కుదించి ఫైలుగా రాసే పనిముట్టుని) దృష్టిలో పెట్టుకుని రాశాం. శబ్దాన్ని రికార్డు చేసి దిద్దే ఆడాసిటీ ప్రోగ్రాం మీరు వాడుతుంటే, దాని లోపల కూర్చుని ఎంపీ3 తయారుచేసేది అదే.

ప్రశ్న: ఇంట్లో ఉన్న కచేరీ సీడీలన్నీ ఎంపీ3 చేస్తున్నాను. 320 పెడితే పెన్‌డ్రైవ్ నిండిపోతోంది, 128 పెడితే వయొలిన్ గరగరమంటోంది. మధ్యలో 192 పెట్టి ఊరుకోనా?
– తెనాలి పాఠకురాలు

జవాబు: 192, అంటే సెకనుకి అన్ని కిలోబిట్లు (దీన్నే బిట్ రేటు అంటారు), తప్పేమీ కాదు. కాకపోతే దాన్ని కాన్‌స్టెంట్ పద్ధతిలో పెట్టారా, వేరియబుల్ పద్ధతిలో పెట్టారా అన్నది ఆ అంకెకన్నా ముఖ్యం. కాన్‌స్టెంట్, అంటే సీబీఆర్, పంక్తిలో కూర్చున్న అందరికీ ఒకే గరిట కొలత లాంటిది. పాలు తాగే పిల్లాడికీ అంతే, పొద్దుటి నుంచి దుక్కి దున్ని వచ్చినవాడికీ అంతే. గాయకుడు ఒక్కడే నెమ్మదిగా రాగం తీస్తున్న సెకనుకి 192 కిలోబిట్లు ఎక్కువవుతాయి. మృదంగం, ఘటం, వయొలిన్ కలిసి అందుకున్న సెకనుకి అవే చాలవు. వేరియబుల్, అంటే వీబీఆర్ పద్ధతిలో మీరు బిట్లు చెప్పరు, ఎంత నాణ్యత కావాలో చెబుతారు. ఎక్కడ ఎంత వడ్డించాలో ఎన్‌కోడరే చూసుకుంటుంది.

ఆడాసిటీలో ఎక్స్‌పోర్ట్‌కి వెళ్లి, ఫార్మాట్ ఎంపీ3 పెట్టి, బిట్ రేట్ మోడ్ దగ్గర ‘వేరియబుల్’ ఎంచుకోండి. క్వాలిటీలో 170–210 అని ఉన్న వరుస పెట్టండి. కమాండ్‌తో చేసేవాళ్లు దీన్నే వి2 అంటారు. వి0 అయితే సగటు 245 దగ్గర, వి2 అయితే 190 దగ్గర, వి4 అయితే 165, వి5 అయితే 130 దగ్గర తేలుతాయి. ఇవి సగటులే. ఒంటి గాత్రం ఉన్న ట్రాక్ బాగా కిందికి, సినిమా బ్యాండ్ పాట బాగా పైకి పోతాయి. పైకి పోయిందని కంగారుపడొద్దు, ఆ పాటకి అంత కావాలి మరి.

లెక్క చూడండి. సీడీలో ఒక నిమిషం 10.6 ఎంబీ. 320లో 2.4 ఎంబీ, వి2లో సుమారు 1.4 ఎంబీ. అయిదు నిమిషాల పాటలైతే 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో 320వి అయిదు వేల పైచిలుకు పడతాయి, వి2వి తొమ్మిది వేల దాకా పడతాయి. సీడీలు మళ్లీ తీసి ఎక్కించే ఓపిక లేదనుకుంటే మాత్రం ముందు ఫ్లాక్‌లోకి (శబ్దంలో ఏమీ పోకుండా కుదించే ఫార్మాట్‌లోకి) తీసి ఒక హార్డ్ డిస్కులో దాచేయండి. ఎంపీ3లు దాన్నుంచి ఎన్నిసార్లైనా చేసుకోవచ్చు. ఫ్లాక్‌లో 0 నుంచి 8 దాకా ఉన్న అంకెలకి, నాణ్యతకి ఏ సంబంధమూ లేదు. అన్నిట్లోనూ శబ్దం ఒకటే, మారేవి ఫైలు సైజు, కంప్యూటర్ పడే శ్రమ. 5 వదిలేయండి.

ప్రశ్న: మా భజన మండలి పాటలు రికార్డు చేసి 128లో పెట్టాం. గొంతులు బాగానే ఉన్నాయి. చిడతలు మాత్రం ‘టక్’ అనకుండా ‘ఫ్‌టక్’ అంటున్నాయి. మైకు మార్చినా అంతే. అసలు రికార్డింగులో ఆ చప్పుడు లేదు.
– విజయనగరం పాఠకుడు

జవాబు: మైకుని వదిలేయండి, పాపం దాని తప్పేమీ లేదు. దీన్ని ప్రీ-ఎకో అంటారు, దెబ్బకి ముందే వినబడే దెబ్బ తాలూకు నీడ. ఎలా పుడుతుందో చూస్తే మందు కూడా అక్కడే దొరుకుతుంది.

ఎంపీ3 ఎన్‌కోడర్ శబ్దాన్ని ఫ్రేములుగా కోస్తుంది. ఒక్కో ఫ్రేములో 1152 శాంపిళ్లు (శబ్దాన్ని కొలిచి రాసిన అంకెలు), సీడీ వేగంలో 26 మిల్లీసెకన్లు. అసలు ఫైల్లో ఆ ముక్క 4608 బైట్లు. 128 దగ్గర దానికి దక్కేది 418 బైట్లు. అంత కుదించాలంటే విలువల్ని దగ్గరి అంకెకి సరిపెట్టాలి. అలా సరిపెట్టినప్పుడు పుట్టే తప్పు సన్నని రొద అవుతుంది. ఆ రొద చిడత మోగిన చోటే ఉండిపోదు, ముక్క పొడుగునా పరుచుకుంటుంది. చిడత ఆ ముక్క చివర్లో మోగిందనుకోండి, అంతకుముందున్న ఇరవై మిల్లీసెకన్ల నిశ్శబ్దంలోకి రొద వచ్చి కూర్చుంటుంది. మీకు వినబడే ‘ఫ్’ అదే. దెబ్బ తర్వాత వచ్చే రొదనైతే చెవి 100 మిల్లీసెకన్లకు పైగా పట్టించుకోదు, పెద్ద చప్పుడు దాన్ని కప్పేస్తుంది. ముందు వచ్చేదాన్ని కొద్ది మిల్లీసెకన్లు మించి సహించదు. గొంతు మెల్లగా పైకి లేస్తుంది కాబట్టి గొంతులో ఈ తేడా తెలియదు. చిడతలు, తాళాలు, గజ్జెలు, కంజిర రేకులు, అంటే ఒక్కసారిగా పుట్టే చప్పుళ్లన్నీ, దీన్ని బయటపెడతాయి. కాస్టనెట్స్ అనే స్పానిష్ చెక్క తాళాల రికార్డింగు ఎన్‌కోడర్ల పరీక్షల్లో ఎప్పటి నుంచో వాడుకలో ఉంది. మన చిడతలు వాటికి దగ్గరి చుట్టాలే.

ఎంపీ3లో దీనికి విరుగుడు ఉంది. దెబ్బ వస్తోందని పసిగట్టగానే ఎన్‌కోడర్ పొడుగు ముక్క మానేసి 192 శాంపిళ్ల పొట్టి ముక్కలకి మారుతుంది. ఒక్కోటీ 4 మిల్లీసెకన్ల పైచిలుకు, కాబట్టి రొద పరుచుకోవడానికి చోటుండదు. అయితే పొట్టి ముక్కలకి బిట్లు ఎక్కువ కావాలి. సీబీఆర్‌లో అవి ఎక్కడి నుంచి వస్తాయంటే, ముందటి తేలిక ఫ్రేముల్లో మిగిలినవి ఒక నిల్వగా ఉంటాయి, దాన్ని బిట్ రిజర్వాయర్ అంటారు. అది మహా అయితే 511 బైట్లు, 128 దగ్గర ఒక ఫ్రేము సరుకుకన్నా కాస్త ఎక్కువ. విడిగా ఒక దెబ్బ పడితే నిల్వ సరిపోతుంది. భజన జోరందుకుని చిడతలు ఆగకుండా పడుతుంటే మొదటి రెండు మూడు దెబ్బలకే నిల్వ ఖాళీ అయిపోతుంది. నెమ్మది చరణాల్లో శుభ్రంగా ఉండి, చివర వేగం పెరిగినచోట ‘ఫ్‌టక్’ ఎక్కువవుతోందేమో ఒకసారి వినండి.

కాబట్టి అసలు వేవ్ ఫైలు, అంటే కుదించని ఫైలు నుంచి మళ్లీ వి2లో చేయండి. అప్పటికీ వినబడితే ఆ రికార్డింగు వరకు వి0. ఫోన్లో వినేవాళ్లకే అయితే ఏఏసీ అనే ఫార్మాట్ ఇంకా మంచిది. దాని పొట్టి ముక్క 128 శాంపిళ్లే, 3 మిల్లీసెకన్లకన్నా తక్కువ. ఒకే బిట్ రేటు దగ్గర చిడతలు ఎంపీ3లోకన్నా ఏఏసీలో శుభ్రంగా ఉండడానికి అదొక కారణం.

కంటితో చూడాలనుకుంటే అసలు ఫైలునీ, ఎంపీ3నీ ఆడాసిటీలో ఒకదాని కింద ఒకటి తెరిచి, ఒక దెబ్బ దగ్గర తెర మీద 50 మిల్లీసెకన్లే కనబడేదాకా జూమ్ చేయండి. అసలు దాంట్లో గీత చదునుగా వచ్చి నిట్టనిలువుగా లేస్తుంది. ఎంపీ3లో లేచే ముందు గీత మీద చిన్న గరుకు కనబడుతుంది. రెండు ట్రాకులూ సరిగ్గా ఒకచోట కలవకపోతే గాబరాపడకండి. ఎన్‌కోడర్ 576, ఫైలుని విప్పి వినిపించే డీకోడర్ 529, వెరసి 1105 శాంపిళ్ల ఆలస్యం ఎంపీ3కి పుట్టుకతో వచ్చింది. కొన్ని ప్రోగ్రాములు దాన్ని దిద్దుతాయి, కొన్ని దిద్దవు.

ప్రశ్న: 128లో హై ఫ్రీక్వెన్సీలు కోసేస్తారని చదివి, లోపాస్ తీసేశాను. జాయింట్ స్టీరియో అంటే మోసపు స్టీరియో అని ఒక మిత్రుడు చెబితే దాన్నీ మార్చి మామూలు స్టీరియో పెట్టాను. ఇప్పుడు ఇంతకుముందుకన్నా అధ్వాన్నంగా ఉంది. ఎక్కడ పొరపాటు చేశాను?
– హైదరాబాద్ పాఠకుడు

జవాబు: రెండుచోట్లా. ఉన్న సెట్టింగు కాస్త బాగానే ఉంది, దాన్ని ఉన్నదున్నట్టు ఉంచాల్సింది.

మొదట లోపాస్, అంటే ఒక హద్దు పైనున్న ఫ్రీక్వెన్సీలని ఆపేసే జల్లెడ. ఎంపీ3 శబ్దాన్ని పట్టీలుగా విడగొట్టి ఒక్కో పట్టీకి రొద ఎంత ఉండొచ్చో విడివిడిగా సర్దుతుంది. 44.1 కిలోహెర్ట్జ్ ఫైల్లో ఈ సర్దుబాటు 16 కిలోహెర్ట్జ్ దాకానే. ఆ పైనున్న చివరి పట్టీకి సొంత సర్దుబాటు పెట్టకుండానే ఈ ఫార్మాట్‌ని తయారుచేశారు. అక్కడ రొద తగ్గించాలంటే ఫ్రేము మొత్తానికీ తగ్గించాల్సిందే, అంటే అవసరం లేని పట్టీలకి కూడా బిట్లు ధారపోయాలి. 128 దగ్గర ధారపోయడానికి ఏముంది గనక? అందుకే లేమ్ 128లో 17 కిలోహెర్ట్జ్ దగ్గర కోసేస్తుంది. వి2లో 18.5–19 మధ్య, 320లో 20 దాకా వదులుతుంది. మీరు ఆ తలుపు తీసేసరికి, నలభై దాటిన చెవులకి వినబడడమే కష్టమైన 17 పైన ఉన్న శబ్దం కోసం గొంతులో ‘స’, ‘శ’ల దగ్గర బిట్లు కోతపడ్డాయి.

జాయింట్ స్టీరియో మీద ఉన్న అపనింద పాత ఎన్‌కోడర్ల పుణ్యం. వాటిలో కొన్ని ఇంటెన్సిటీ స్టీరియో అనే పద్ధతి వాడేవి, అది కుడి ఎడమల తేడాని నిజంగానే పాడుచేస్తుంది. లేమ్ అది వాడదు. అది చేసేది మిడ్-సైడ్: కుడి, ఎడమ అని రెండు రాయకుండా రెంటి మొత్తం ఒకటి, తేడా ఒకటి రాస్తుంది. కూడిక తీసివేతలే కాబట్టి అందులో పోయేదేమీ లేదు. గొంతు సరిగ్గా నడుమ ఉన్న పాటలో తేడా దాదాపు సున్నా, ఆ బిట్లన్నీ గొంతుకే దక్కుతాయి. పైగా ఏ ఫ్రేములో ఏది లాభమో ఫ్రేము ఫ్రేముకీ చూసి మారుతుంది. మీరు మామూలు స్టీరియో అనేసరికి నడుమనున్న ఒకే గొంతుని రెండుసార్లు రాస్తోంది. మార్చకూడనిది ఇంకొకటి కూడా ఉంది. ‘ఫోర్స్‌డ్’ జాయింట్ స్టీరియో అని కొన్ని ప్రోగ్రాములు చూపిస్తాయి, అది ప్రతి ఫ్రేముకీ మిడ్-సైడే వాడుతుంది. వయొలిన్ పూర్తిగా ఎడమ, మృదంగం పూర్తిగా కుడి పెట్టి రికార్డు చేసిన కచేరీలో అది నష్టం చేస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారు దాచిన బుర్రకథ క్యాసెట్లు నలభై దాకా ఉన్నాయి. టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ పిన్ను నుంచి ల్యాప్‌టాప్ మైకు పిన్నుకి వైరు పెట్టి రికార్డు చేస్తున్నాను. బుస ఎక్కువగా ఉందని నాయిస్ రిడక్షన్ పూర్తిగా పెడితే నీళ్లలో మునిగి పాడినట్టుంది. వి2 పెట్టినా సగటు 220 చూపిస్తోంది. ఏ సెట్టింగు మార్చాలి?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: ఇందులో కంప్రెషన్ వంతు చివర్లో వస్తుందండీ. పైనుంచి వద్దాం.

మైకు పిన్ను వద్దు. అది మైకు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచడానికి పెట్టింది, చాలా ల్యాప్‌టాపుల్లో మోనో కూడా. ఇయర్‌ఫోన్ పిన్ను నుంచి వచ్చే బలమైన సిగ్నల్ అక్కడ పగిలిపోతుంది. లైన్-ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. గుమ్మెట గట్టిగా మోగినప్పుడు మీటరు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా లెవెల్ పెట్టుకోండి. వేవ్ ఫైలుగానే రికార్డు చేయండి, నేరుగా ఎంపీ3గా వద్దు. మోనో 44.1, 16 బిట్ అయితే గంటకి 318 ఎంబీ, స్టీరియో అయితే దానికి రెట్టింపు. నలభై క్యాసెట్లకి ఇదేమంత పెద్ద బరువు కాదు.

ఇక అజిముత్, అంటే హెడ్డు టేపుకి నిటారుగా ఉండటం. క్యాసెట్ ఒక మిషన్‌లో రికార్డయి ఇంకో మిషన్‌లో మోగుతుంటే హెడ్డు వాలు కొంచెం తేడా ఉంటుంది. అప్పుడు కుడి ఎడమ ట్రాకులు ఒకే క్షణానికి చేరవు. ఆ తేడా 50 మైక్రోసెకన్లు అనుకోండి, 44.1లో రెండు శాంపిళ్ల పైచిలుకు. రెంటినీ కలిపి మోనో చేస్తే 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుని అక్కడ శబ్దం మాయమవుతుంది. అందెల గలగల మొద్దుబారిపోయేది అందుకే. హెడ్డు పక్కన స్ప్రింగ్ మీద కూర్చున్న చిన్న స్క్రూ ఉంటుంది. క్యాసెట్ మోగుతుండగా, మోనోలో వింటూ, దాన్ని అటూఇటూ కొద్దికొద్దిగా తిప్పండి. పావు చుట్టు మించి అక్కర్లేదు. గలగల బాగా తేటగా వినబడిన చోట ఆపండి. మొదట స్క్రూ ఎక్కడుందో పెన్నుతో గుర్తు పెట్టుకోండి. స్క్రూ జోలికి పోవడం ఇష్టం లేకపోతే, మోనో క్యాసెట్లకి రెండు ట్రాకులూ కలపొద్దు. బాగున్న ఒక్కటి ఉంచుకుని రెండోది తీసేయండి.

బుస తగ్గించేటప్పుడు నమూనా ఎక్కడ తీసుకున్నారన్నది ముఖ్యం. టేపు మొదట్లో ఉండే తెల్లని లేదా రంగు ముక్క మీద అయస్కాంతపు పూత ఉండదు, అక్కడ టేపు బుసే ఉండదు. దాన్ని నమూనాగా ఇస్తే లెక్క తప్పుతుంది. కథకుడు ఆగి, పక్కవాద్యం కూడా ఆగిన ఒకటి రెండు సెకన్ల ఖాళీని ఎంచుకోండి. తగ్గింపు 6 నుంచి 9 డెసిబెల్. అంతకు మించితే ఆ నీళ్ల చప్పుడు తప్పదు. బుస పూర్తిగా పోవాలని పట్టుబట్టకండి. బుస వెనకున్న గొంతుని చెవి తేలిగ్గా పోల్చుకుంటుంది, నీళ్లలో మునిగిన గొంతుని ఎంత ప్రయత్నించినా పోల్చుకోదు. పాత క్యాసెట్ల విషయంలో మా అభిప్రాయం ఇది: శుభ్రం చేయని వేవ్ ఫైలుని కూడా విడిగా దాచండి. రేపు ఇంకా మంచి పనిముట్టు వస్తుంది, పోయిన గొంతు రాదు.

ఇప్పుడు ఆ 220. బుసకి వరస లేదు, పునరావృతం లేదు. ఎన్‌కోడర్‌కి అన్నిటికన్నా కష్టమైన పని దాన్ని రాయడమే. మీ బిట్లలో పెద్ద వాటా బుసకే పోతోంది. ఇంట్లో చేసిన మామూలు క్యాసెట్ రికార్డింగులో 12, 13 కిలోహెర్ట్జ్ పైన గొంతూ ఉండదు, అందెలూ ఉండవు, ఉండేది బుస. స్పెక్ట్రోగ్రాం (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో రంగుల్లో చూపే పటం) చూసి అది ఖాయం చేసుకున్నాక 13 దగ్గర లోపాస్ పెట్టండి. పై ప్రశ్నలో లోపాస్ ముట్టుకోవద్దని చెప్పి ఇక్కడ పెట్టమంటున్నామని అనుకోకండి, అక్కడ తలుపు తీయొద్దన్నాం, ఇక్కడ ఇంకాస్త వేయమంటున్నాం. మోనో, వి3, లోపాస్ 13: ఇలా చేస్తే ఫైలు మీ 220లో సగానికన్నా తగ్గుతుంది, వినడానికి తేడా ఉండదు.

ప్రశ్న: కంప్రెసర్ ఎఫెక్ట్‌లో రేషియో 4:1 పెట్టినా ఫైలు సైజు అంతే ఉంది. నాలుగో వంతు కావాలి కదా?
– రాజమహేంద్రవరం విద్యార్థి

జవాబు: పేరు ఒకటే, పని వేరు. మీరు వాడింది శబ్దం హెచ్చుతగ్గుల్ని సర్దే కంప్రెసర్. 4:1 అంటే మీరు పెట్టిన గీత (థ్రెషోల్డ్) దాటి 4 డెసిబెల్ పైకి లేచిన శబ్దాన్ని 1 డెసిబెలే లేవనిస్తుందని. ఫైలు సైజుతో దానికి పనిలేదు. ఇంట్లో పాడుకున్న గాత్రానికి 4:1 ఎక్కువ కూడా. 2:1 పెట్టి, గట్టిగా పాడినచోట 3 డెసిబెల్ తగ్గేలా థ్రెషోల్డ్ సర్దుకోండి. అటాక్ (తగ్గించడం అందుకోవడానికి పట్టే సమయం) 20–30 మిల్లీసెకన్లు, రిలీజ్ (మళ్లీ మామూలుకి రావడానికి పట్టే సమయం) 200 దగ్గర. అటాక్ మరీ తక్కువ పెడితే మృదంగం దెబ్బ తల తెగిపోతుంది. రేషియో ఎక్కువ పెట్టి మొత్తం వాల్యూమ్ పెంచితే గదిలో ఫ్యాను కూడా పక్కవాద్యం అయిపోతుంది. ఈ పనులన్నీ వేవ్ ఫైలు మీదే ముగించి, ఎంపీ3 చేయడం చిట్టచివర పెట్టుకోండి.

ప్రశ్న: కొన్న సీడీలోంచి చేసుకున్న కొత్త సినిమా పాట 320లో కూడా గట్టిగా మోగినచోట చిటపటమంటోంది. సీడీలో ఆ చిటపట లేదు. బిట్లు ఇంకా పెంచే దారుందా?
– నెల్లూరు పాఠకుడు

జవాబు: ఎంపీ3లో 320 పైన మెట్టు లేదు, ఉన్నా ఇక్కడ పనికిరాదు. ఇప్పటి పాటల్ని డిజిటల్ కొలతకి కొసదాకా, సున్నా డెసిబెల్ దాకా నింపుతున్నారు. ఎన్‌కోడ్ చేసినప్పుడు తరంగం ఆకారం కొద్దిగా మారుతుంది. కొసన ఉన్న శిఖరాలు కొన్ని సున్నా దాటి ఒకటి రెండు డెసిబెల్ పైకి పోతాయి. ప్లేయర్ వాటిని తెగ్గొడుతుంది, చిటపట అదే. ఎన్‌కోడ్ చేసే ముందు మొత్తం పాటని 2 డెసిబెల్ తగ్గించండి, అంతే.

ఇప్పటికే చేసేసిన ఎంపీ3లకైతే ఎంపీ3గెయిన్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ప్రతి ఫ్రేములోనూ మొత్తం వాల్యూమ్‌ని చెప్పే ఒక అంకె ఉంటుంది, ఇది ఆ అంకెని మాత్రమే మారుస్తుంది. ఒక్కో మెట్టు 1.5 డెసిబెల్. శబ్దాన్ని విప్పి మళ్లీ మూట కట్టదు కాబట్టి నాణ్యత పోదు, వద్దనుకుంటే వెనక్కి కూడా తిప్పుకోవచ్చు. ఒకటో రెండో మెట్లు దించితే చాలు.

ప్రశ్న: నా దగ్గర పాత పాటలన్నీ 128లో ఉన్నాయి. 320కి మారిస్తే బాగుపడతాయా? 320 అని ఎవరైనా ఇచ్చిన ఫైలు నిజమో కాదో ఎలా తెలుస్తుంది?
– గుంటూరు పాఠకురాలు

జవాబు: బాగుపడవు. పోయిన శబ్దం పోయిందే. మార్చినప్పుడు ఎన్‌కోడర్ మళ్లీ కొత్తగా సరిపెడుతుంది, దాంతో పాత రొదకి కొత్త రొద కలుస్తుంది. ఫైలు రెండున్నర రెట్లు అవుతుంది, వినడానికి ఉన్నదానికన్నా రవ్వంత తక్కువే ఉంటుంది. 128వి అలాగే ఉంచేయండి.

నిజమో కాదో చూడటానికి స్పెక్ అనే చిన్న ప్రోగ్రాంలో గానీ ఆడాసిటీ స్పెక్ట్రోగ్రాంలో గానీ తెరవండి. నిజమైన 320లో రంగు 20 కిలోహెర్ట్జ్ దాకా పాకుతుంది. 16, 17 దగ్గర కత్తితో కోసినట్టు సరళరేఖలో ఆగిపోతే అది ఒకప్పటి 128. ఫ్లాక్ అని చెప్పి ఇచ్చినవాటినీ ఇలాగే పట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. 1950లు, 60ల నాటి రికార్డుల్లో పైభాగం మొదటి నుంచీ ఉండదు. కాకపోతే వాటిలో రంగు మెల్లగా పలచబడుతూ పోతుంది, గీత గీసినట్టు తెగదు. తేడా అక్కడ పట్టుకోవాలి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. ఇక్కడి గుడిలో జరిగే పురాణ ప్రవచనాలు రికార్డు చేసి ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్లో పంపుతాను. గంటన్నర ఎంపీ3 86 ఎంబీ వస్తోంది, ఆవిడకి దిగడం కష్టమవుతోంది.

జవాబు: అది 128 స్టీరియో లెక్క. మాట్లాడే గొంతు ఒక్కటే అయినప్పుడు రెండు చానెళ్లెందుకు? ఓపస్ అనే ఫార్మాట్‌లో చేయండి, మోనో, 32 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు). గంటన్నరకి 22 ఎంబీ కూడా రాదు, మాట స్పష్టంగా ఉంటుంది. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్‌లో గొంతుకి ఒక పద్ధతి, సంగీతానికి ఒక పద్ధతి లోపలే ఉన్నాయి. నడుమ శ్లోకం పాడినా, హార్మోనియం అందుకున్నా అదే సర్దుకుంటుంది. పాటలెక్కువ ఉన్న రోజున 48 పెట్టండి. స్టీరియో కచేరీ అయితే 128 పెడితే చాలు. పంపేటప్పుడు ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. అమ్మగారి ఫోన్ ఓపస్ తెరవకపోతే ఎంపీ3నే మోనో 64లో చేయండి, 43 ఎంబీ అవుతుంది.

ప్రశ్న: వి2కీ, సీడీకీ తేడా నాకు స్పష్టంగా తెలుస్తోందని నేనంటే, భ్రమ అని మా అన్నయ్య అంటున్నాడు. ఎవరిది నిజం?
– విశాఖపట్నం పాఠకుడు

జవాబు: పందెం కాసుకోండి, పద్ధతిగా. ఫూబార్2000 ప్లేయర్‌కి ఏబీఎక్స్ అనే అదనపు భాగం ఉచితంగా దొరుకుతుంది. ఒకే వేవ్ ఫైలు, దాన్నుంచే చేసిన వి2, ఈ రెంటినీ ఇవ్వండి. ప్రతిసారీ ఒకదాన్ని పేరు చెప్పకుండా వినిపిస్తుంది, ఏదో మీరు చెప్పాలి. 16 సార్లు చేయండి, ఎన్నిసార్లు చేస్తారో ముందే అనుకోండి, గెలుస్తున్నప్పుడు ఆపేయడం కుదరదు. 12 లేదా అంతకన్నా ఎక్కువ సరైతే మీకు తేడా వినబడుతున్నట్టే. గుడ్డిగా చెబితే అంత రావడానికి 100లో 4 వంతులే అవకాశం. 9, 10 వస్తే అన్నయ్యదే గెలుపు. చిడతలో, తాళాలో ఉన్న పది సెకన్ల ముక్కని ఎంచుకోండి, మొత్తం పాట వింటూ పోతే చెవి మరిచిపోతుంది. వైరున్న హెడ్‌ఫోన్స్ వాడండి. బ్లూటూత్ తన వంతుగా మళ్లీ ఒకసారి కంప్రెస్ చేస్తుంది. చాలా సెట్లలో వాడే ఎస్‌బీసీ పద్ధతి మహా అయితే 328 దగ్గర నడుస్తుంది. అప్పుడు మీరు వింటున్నది వి2నా, బ్లూటూత్‌నా అన్నది తేలదు.

ప్రశ్న: కారు స్టీరియోలో తెలుగు పేర్లు డబ్బాలుగా కనబడుతున్నాయి. పైగా 7 నిమిషాల పాటని 21 నిమిషాలని చూపిస్తోంది.
– అనంతపురం పాఠకుడు

జవాబు: రెండో దానితో మొదలుపెడదాం. వీబీఆర్ ఫైలు మొదట్లో మొత్తం ఎంత పొడుగో చెప్పే చిన్న హెడర్ ఉంటుంది. ఏదో కటింగ్ ప్రోగ్రాంతో పాట మొదలు కోసినప్పుడు అది పోయుంటుంది. అందుకే కారు స్టీరియో మొదటి ఫ్రేము చూసి లెక్కగడుతుంది. అక్కడ నిశ్శబ్దం ఉండి 64 కనబడితే, 190 సగటున్న పాటకి మూడు రెట్లు చెబుతుంది. ఫూబార్2000లో ‘ఫిక్స్ వీబీఆర్ ఎంపీ3 హెడర్’ నొక్కితే సరిపోతుంది, శబ్దం ముట్టుకోదు.

పేర్ల సంగతి: పాట వివరాలు ఫైల్లోనే దాచే ట్యాగుల్లో పాతదైన ఐడీ3 మొదటి వెర్షన్‌లో పాట పేరుకి 30 బైట్లే చోటు, అదీ ఇంగ్లిష్ అక్షరాల కోసం. ‘త్యాగరాజ’ అన్న ఒక్క మాటకే యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలూ రాసే ఒక పద్ధతిలో) 24 బైట్లు కావాలి. ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రాంలో ఐడీ3వి2.3, యూటీఎఫ్-16 ఎంచుకుని మళ్లీ సేవ్ చేయండి. అలా చేశాక ఫోన్లో తెలుగు సరిగ్గా వచ్చి కారులో మాత్రం డబ్బాలే వస్తే, ఆ స్టీరియోలో తెలుగు ఫాంటు లేదన్నమాట. దానికి ట్యాగుల్లో మందు లేదు. కారు పెన్‌డ్రైవ్‌కి మటుకు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోండి.